పెద్దక్షరాల వంతెన

మంగవేణి అక్షరాలు నేర్చుకుంది వాళ్లింటి గోడమీద.

వానాకాలంలో మట్టి రాలకుండా బుల్లెమ్మ అవ్వ ఏటా గంజి కాచి, దొరికిన పాత పేపర్లన్నీ లోపలి గోడలకి అంటించేది. చిరిగిన చోటే కొత్తది పడేది కాబట్టి ఒక ఏడాది పక్కన ఇంకో ఏడాది ఉండేది. పొయ్యి దగ్గర పొగచూరిన తుపాను, మంచం తలవైపు ఎవరో గెలిచిన ఎన్నికలు, అద్దం పక్కన ఎప్పుడో ఓడిపోయిన క్రికెట్టు. నాలుగేళ్ల వయసులో మంగవేణి మంచమ్మీద వెల్లకిలా పడుకుని పెద్దక్షరాలు కూడబలుక్కునేది. చిన్నక్షరాల జోలికి తర్వాత వెళ్లింది. పదోతరగతికొచ్చేసరికి ఏ మూల ఏ వార్త ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. మనుషుల ముందు మాత్రం నోరు పెగలదు. బళ్లో మాస్టారు లేపి ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా బల్లకేసి చూస్తూ నిలబడిపోతుంది.

వాళ్ల ఊరు కాకరలంక. చుట్టూ గోదావరి. నడివేసవిలో కూడా నిలువెత్తు నీళ్లుండే పాయ దాటితేగాని అద్దరి చేరలేరు. బజారు, ఆసుపత్రి, బస్సు, పదోతరగతి పరీక్ష రాసే బడి అన్నీ అద్దరే. మంగవేణి అమ్మానాన్నలు అద్దరి ఇటుకబట్టీలో పనిచేస్తూ ఆదివారం మాత్రం రేవులో పడవ నడిపే పెద్దింట్లు తాతతో వచ్చి వెళ్తుంటారు. పదిలో మంచి మార్కులొస్తే కాలేజీ, హాస్టలు. రాకపోతే తనూ బట్టీకే. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేదు కాబట్టి.

మాఘమాసంలో ఒకరోజు పంచాయతీ కార్యదర్శి ఉమామహేశ్వరరావు గారు ఒక కాగితం పట్టుకుని వాళ్లింటికొచ్చారు.

ఆ కాగితం వెనక కథ ఇది. రాజధానిలో ఏదో సభలో ఒక పెద్దమనిషి లేచి, "ముప్పై ఏళ్లుగా అది వచ్చేసింది, ఇది అయిపోయింది అని పేపర్లలో చదువుతున్నాం, వాటిలో నిజంగా వచ్చినవెన్ని?" అని అడిగాడట. ఎవరూ చెప్పలేకపోయారు. వెంటనే ఒక కమిటీ వేశారు. కమిటీ మూడు నెలలు కూర్చుని కనిపెట్టిందేమిటంటే, ఆ వార్తల్లో ఒక్కదాన్నీ ప్రభుత్వం ఖండించలేదని. ఖండించలేదంటే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నది జరగలేదనడం ప్రభుత్వాన్ని అబద్ధాలకోరు అనడమే. కాబట్టి అన్నీ జరిగాయి. జరిగినవి రికార్డులకెక్కించడానికి పాత వార్తల అమలు విభాగం అని ఒకటి పుట్టింది.

"గత ముప్పది సంవత్సరములలో ప్రచురితమై, ఏడు దినములలోగా ఖండన పొందని ప్రతి వార్తాశీర్షికను జరిగిపోయిన విషయముగా భావించి, తదనుగుణముగా రికార్డులు సవరించవలెను," అని కార్యదర్శి గారు బట్టీపట్టినట్టు చెప్పారు. "శీర్షికలు మాత్రమే పరిగణించబడును. దిగువనున్న చిన్న అక్షరములు చదువుట కాలహరణముగా భావించి తగు చర్య తీసుకొనబడును."

"అంటే ఏంటండి?" అంది బుల్లెమ్మ.

"మీ గోడ కావాలమ్మా. ఊళ్లో పాత పేపర్లు ఎవరి దగ్గరున్నాయంటే అందరూ నీ ఇల్లే చూపించారు." ఆయన జేబులు తడుముకున్నారు. "కళ్లజోడు అద్దరి ఇంట్లో మర్చిపోయా. పాపా, నువ్వు చదువు. నేను రాసుకుంటా. రాయడానికి జోడక్కర్లేదు, చేతికి అలవాటే."

మంగవేణిని ఆ గోడ గురించి ఒకరు అడగడం పుట్టాక అదే మొదలు. గొంతు సన్నగానే లేచింది గాని ఎక్కడా తడబడలేదు. పొయ్యి దగ్గర మొదలుపెట్టి తలుపు దాకా నలభై ఒక్క శీర్షికలు చదివింది. ముప్పై మూడోది మంచం కోడు పక్కన ఉంది.

"కాకరలంకకు వంతెన: తీరిన దశాబ్దాల కష్టాలు."

చదివాక ఆగింది. దానికింద చిన్నక్షరాల్లో మంత్రిగారు రేవులో శంకుస్థాపన చేశారనీ, పనులు మూడు నెలల్లో మొదలవుతాయనీ ఉంది. ఆ శంకుస్థాపన రాయి మీదే ఊళ్లో ఆడాళ్లంతా ఇప్పుడు బట్టలుతుకుతున్నారు.

"సార్, కింద చిన్నక్షరాల్లో..."

"చిన్నక్షరాలొద్దమ్మా. నామీద చర్య తీసుకుంటారు. ముప్పై నాలుగోది చెప్పు."

మంగవేణి ముప్పై నాలుగోది చెప్పింది.

*

రెండు వారాలకి వార్తలు అమలులోకి రావడం మొదలైంది.

ముందు దోమలు పోయాయి. "మండలంలో దోమల నిర్మూలన పూర్తి" అని ఉంది కాబట్టి ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ వచ్చి దోమతెరలు వెనక్కి పట్టుకెళ్లింది. పెద్దింట్లుకి చలిజ్వరం తగిలి రక్తపరీక్ష చెయ్యమంటే, "లేని దోమ ఎలా కుడుతుంది తాతా? అది ఉత్త చలి, దుప్పటి కప్పుకో," అంది.

తర్వాత నిరక్షరాస్యత పోయింది. రేషను బియ్యం తెచ్చుకోడానికెళ్లిన బుల్లెమ్మ బొటనవేలు చాపితే డీలరు పక్కకి నెట్టాడు.

"వేలిముద్రలు కుదరవు. సంతకం పెట్టు. నీకు చదువొచ్చు."

"నాకా! ఎప్పుడొచ్చింది బాబూ?"

"తొంభై ఐదులో. జిల్లా మొత్తానికి వచ్చేసింది."

"ఇన్నేళ్లలో ఒక్కడు చెప్పిన పాపాన పోలేదు," అని బుల్లెమ్మ ముక్కుమీద వేలేసుకుంది.

తొంభై ఆరులో "లంకల్లో పులి సంచారం" అని ఉంది. పులి దొరికినట్టు మాత్రం గోడ మీద ఎక్కడా లేదు. కనుక పులి ఇంకా సంచరిస్తున్నట్టే. పొద్దుగూకాక ఎవరూ తోటల్లోకి వెళ్లరాదని దండోరా వేయించారు. "ఇన్నేళ్లు బతుకుద్దేంటండి పులి?" అని ఎవరో అడిగితే కార్యదర్శి గారు కాగితం తిరగేసి, "మరణవార్త నమోదు కాలేదు," అన్నారు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది. పదోతరగతి పరీక్షలు ఆరు రోజులున్నాయనగా పెద్దింట్లు పడవకి గొలుసు పడింది.

పడవ ముక్కుకి అంటించిన నోటీసు చుట్టూ ఊరంతా మూగింది. మంగవేణి క్లాసులో ఉండే దుర్గాభవాని పైకి చదివింది. "వంతెన సౌకర్యము గల చోట పడవ నడుపుట ప్రజలను తప్పుదోవ పట్టించుటయే గాక, వంతెనను అవమానించుట యగును. కావున తక్షణము పడవను బంధించడమైనది."

"ఏ వంతెనే?" అన్నాడు పెద్దింట్లు. ఎదురుగా గోదారి తాపీగా పారుతోంది. మధ్యలో ఒక నీటికాకి మునిగి లేచింది.

"తొంభై ఎనిమిదిలో కట్టేశారంట తాతా."

"ఆ ఏడు నేను పొద్దుగూకులూ ఈ రేవులోనే ఉన్నానే! నాకు తెలీకుండా ఎప్పుడు కట్టారే?"

"ఎవరు చెప్పారంట ఈ వంతెన సంగతి?" అని గుంపులోంచి ఒక గొంతు.

"బుల్లెమ్మ గోడ చెప్పిందంట. చదివింది ఆ మనవరాలు."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. మంగవేణి అవ్వ చెంగు వెనక్కి తప్పుకుంది.

"చదువుకోమంటే ఊరి కాళ్లు విరిగేలాగ చదివింది కదే బాబూ," అన్నాడు పెద్దింట్లు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

అందరికంటే ఎక్కువ ఇరుక్కుపోయింది కార్యదర్శి గారు. గొలుసు వేయించినప్పుడు ఆయన లంకలోనే ఉన్నారు. ఇల్లు, భార్య, ఆరోజూ మర్చిపోయిన కళ్లజోడు అద్దరే. పంచాయతీ బల్లమీద పడుకుని, లేని దోమలు కుడుతుంటే తట్టుకోలేక, మూడోనాడు రేవులో నిలబడి జిల్లా ఆఫీసుకి ఫోను చేశారు. పక్కనున్నవాళ్లందరికీ రెండు గొంతులూ వినబడ్డాయి.

"సార్, ఇక్కడ వంతెన లేదండి."

"లేదని ఎలా నిర్ధారించారు?"

"కళ్లతో చూస్తున్నానండి. ఎదురుగానే నించున్నాను."

"మీకు కళ్లజోడుందా?"

"ఉందండి."

"పెట్టుకున్నారా?"

"...లేదండి."

"చూశారా మరి," అని ఫోను పెట్టేశారు.

*

అయినా ఫిర్యాదంటూ వచ్చాక తనిఖీ జరగాలి. పరీక్షలు రెండు రోజులున్నాయనగా పాత వార్తల అమలు అధికారి వైకుంఠరావు గారు అద్దరిన జీపు దిగారు. ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో గొడుగు. ఆయన ఏటికేసి చూడలేదు, ఫైలుకేసే చూశారు. తర్వాత కార్యదర్శికి ఫోను చేసి పడవ పంపమన్నారు.

"పడవ నిషేధం కదండీ," అన్నారు కార్యదర్శి.

"వంతెన పైభాగం తనిఖీకి నడిచి రావాలి. అడుగుభాగం తనిఖీకి పడవలో రావాలి. నేను అడుగుభాగం తనిఖీ చేస్తున్నాను. రూలు స్పష్టంగా ఉంది."

గొలుసు విప్పారు. పెద్దింట్లు దుప్పటి పక్కనపెట్టి గెడ పట్టుకున్నాడు. ఏటి మధ్యకొచ్చాక అధికారి గారు గొడుగు పక్కకి వంచి రెండుసార్లు పైకి చూశారు. "శుభ్రంగా ఉంది," అన్నారు. పెద్దింట్లు కూడా పైకి చూశాడు. "శుభ్రంగానే ఉందండయ్యా. మబ్బు తునక కూడా లేదు."

ఇవతలి రేవులో దిగగానే పిల్లలూ పెద్దలూ చుట్టుముట్టారు. దుర్గాభవాని హాల్‌టికెట్టు చాపింది.

"ఎల్లుండి పరీక్షండి. పద్నాలుగు మందిమున్నాం. పడవ ఇప్పించండి."

వైకుంఠరావు గారు ఫైల్లో వేలుపెట్టి ఒక పేజీ తీశారు. "రెండువేల ఆరులో 'కాకరలంక బడిలో నూరుశాతం ఉత్తీర్ణత' అని శీర్షిక ఉంది. ఖండన లేదు. కాబట్టి ఈ బడి పిల్లలందరూ ఉత్తీర్ణులే. పరీక్ష అనవసరపు ప్రయాస."

"మేమప్పటికి పుట్టలేదండి!"

"ప్రభుత్వం ముందుచూపుతో వ్యవహరిస్తుందమ్మా. ధ్రువపత్రాలు కూడా అదే తేదీతో వస్తాయి."

పుట్టకముందే పదోతరగతి పాసైనట్టున్న కాగితం పట్టుకెళ్తే ఏ కాలేజీ వాళ్లు లోపలికి రానిస్తారో మంగవేణి ఊహించుకుంది. కాలేజీ గేటు ముందు తనూ, తన వెనకాల ఇటుకబట్టీ పొగా కనబడ్డాయి.

"తనిఖీ నివేదిక రాయాలి," అన్నారు అధికారి. "మా గుమస్తా నీళ్లంటే భయమని అద్దరే ఉండిపోయాడు. చక్కటి దస్తూరీ ఎవరిది?"

ఈ ఒక్క విషయంలో ఊళ్లో రెండో మాట లేదు. వెనకనించి ఎవరెవరో తోస్తే మంగవేణి ముందుకొచ్చి పడింది. బట్టలుతికే రాయి మీద, మంత్రిగారి పేరున్న చోట, కాగితం పెట్టుకుని కూర్చుంది.

"రాయమ్మా. 'వంతెన అడుగుభాగమును స్వయముగా పరిశీలించితిని. పటిష్ఠముగాను, శుభ్రముగాను ఉన్నది.'"

రాసింది. పెన్ను ఆగింది. ఆమె బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతోంది. నోటిదాకా వచ్చింది, అక్కడ ఇరుక్కుంది. తలెత్తితే ఇంతమంది కళ్లు. మళ్లీ తల దించుకుని, కాగితం అంచున చిన్నక్షరాలతో ఒక ముక్క రాసి, ఆయన వైపు జరిపింది.

కాలహరణం అయినా సరే, దస్తూరీ ముచ్చటగా ఉండడంతో వైకుంఠరావు గారు చదివారు. "అయ్యా, రేపు ఎవరైనా 'కాకరలంక వంతెన కూలింది' అని పేపర్లో రాస్తే ఏమవుతుంది?"

ఆయన గొడుగు మూసేశారు.

"ఖండిస్తాం," అన్నారు. కాసేపాగి, "ఖండించాలంటే ఆనాటి తనిఖీ నివేదిక ఉండాలి," అన్నారు. ఇంకాసేపాగి, "లేకపోతే వార్త నిజమవుతుంది. వంతెన కూలినట్టవుతుంది. ఆఖరిసారి తనిఖీ చేసిందెవరు అని అడుగుతారు," అని, ఆ ఆఖరి సంతకం ఎవరిదో గుర్తొచ్చి రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. "రోజూ తనిఖీ జరగాలి! ఒక బృందం ఉండాలి. చదవడం రాయడం వచ్చినవాళ్లు. పెన్నులూ అట్టలూ సొంతంగా తెచ్చుకోగలిగినవాళ్లు."

కళ్లజోడు లేకపోయినా కార్యదర్శి గారికి దారి కనబడింది. చిన్నగా దగ్గారు. "పదోతరగతి పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారండి. పెన్నులు, అట్టలు కొత్తగా కొనుక్కున్నారు కూడా."

"మంచిది. ఏ వేళప్పుడు?"

కార్యదర్శి మంగవేణి వైపు చూశారు. ఆమె కాగితం అంచున మళ్లీ రాసింది. ఆయన కళ్లు చికిలించి దగ్గరగా పెట్టుకుని చదివారు. "పొద్దున్న ఎనిమిదింటికి అద్దరికి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇవతలికి. అడుగుభాగానికి ఆ వేళల్లోనే వెలుతురు బాగా పడుతుందండి. పర్యవేక్షణకి నేనూ వెంట వెళ్తాను. సాయంత్రాలు అద్దరే ఉండి పర్యవేక్షిస్తాను."

ఉత్తర్వు అక్కడికక్కడే, బట్టలరాయి మీదే తయారైంది.

*

ఆరు పరీక్షలూ రాశారు. ప్రతిరోజూ వంతెన అడుగుభాగం తనిఖీ బృందం హాల్‌టికెట్లు, అట్టలు, పెరుగన్నం గిన్నెలు పట్టుకుని పడవెక్కేది. ఏటి మధ్యలో మంగవేణి నోటుపుస్తకం తీసి ఆనాటి నివేదిక రాసేది. అబద్ధం రాయడం ఆమెకి చేతకాదు. రాయాల్సిన అవసరం కూడా రాలేదు.

"వంతెన మీద రద్దీ ఏమాత్రము లేదు."

"వంతెనకు ఎక్కడా తుప్పు కనబడలేదు."

"వంతెన మీద ఎవరునూ ఉమ్మివేసిన గుర్తులు లేవు."

"ఎండ తీవ్రముగా ఉన్ననూ వంతెన నీడ వలన పడవకు ఎట్టి ఇబ్బందియు కలగలేదు."

"ఏం రాశావే?" అని పెద్దింట్లు రోజూ అడిగేవాడు. దుర్గాభవాని చదివి వినిపించేది. పడవ ఊగేలా నవ్వేవాళ్లు. లెక్కల పరీక్షనాడు కూడా నవ్వారు.

ఆఖరి పరీక్ష సాంఘికశాస్త్రం. రాసి రేవుకొచ్చేసరికి కార్యదర్శి గారు కళ్లజోడు పెట్టుకుని దిగాలుగా నిలబడి ఉన్నారు. చేతిలో మెమో.

"నివేదికలన్నియు అత్యంత సంతృప్తికరముగా ఉన్నందునను, వంతెన పరిస్థితి ఆదర్శప్రాయముగా ఉన్నందునను, తనిఖీ ఇకపై అనవసరమని భావించి, నేటి సాయంత్రము నుండి పడవను యథావిధిగా బంధించవలెను."

గొలుసు వేయించడానికి కార్యదర్శి గారు కూడా వాళ్లతో పడవెక్కారు. గెడ నీళ్లలో దిగింది.

"ఎంత బాగా రాశావే తల్లీ," అన్నాడు పెద్దింట్లు. "మళ్లీ కట్టేయించావు నా పడవని. నీ పరీక్షలయ్యాయి. మీ అమ్మానాన్నా ఆదివారం ఎలా వస్తారు? నువ్వు మాత్రం కాలేజీకెలా పోతావు?"

మంగవేణి నోటుపుస్తకం తీసింది. ఈ పూట నివేదిక ఇంకా మిగిలే ఉంది.

"తాతా, కాస్త ఆపు," అంది.

పెద్దింట్లు గెడ గుచ్చి ఆపాడు. సరిగ్గా ఏటి మధ్య. ఆమె తలెత్తి పైకి చూసింది. చాలాసేపు చూసింది. ఆమెని చూసి మిగతావాళ్లూ తలలెత్తారు. తర్వాత ఆమె రాసింది. రాసి, దుర్గాభవాని చేతికివ్వకుండా, తనే లేచి నిలబడి చదివింది.

"ఈ దినము వంతెన అడుగున పడవ ఆపి పైకి చూడగా ఆకాశము కనబడినది. ఒక కొంగ కూడా కనబడినది. దీనిని బట్టి వంతెనకు రంధ్రము పడినట్లు తెలియుచున్నది. రంధ్రము పొడవు అద్దరి నుండి ఇవతలి రేవు వరకు ఉన్నది. వెడల్పు కొలుచుటకు వీలుపడలేదు."

గొంతు సన్నగానే ఉంది. నీళ్లమీద అవతలి రేవు దాకా వినబడింది.

కార్యదర్శి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, పైకి చూసి, "నాకూ కనబడుతోంది," అని నివేదిక కింద సాక్షి సంతకం పెట్టారు.

జిల్లా ఆఫీసులో ఆ నివేదిక ఫైలు పిడుగులా పడిందట. అప్పటిదాకా ఆదర్శప్రాయంగా ఉన్న వంతెన ఒక్క పూటలో ఇంత పాడైతే జవాబు చెప్పేదెవరు? మూడోనాటికి వైకుంఠరావు గారి సంతకంతో అర్జెంటు ఉత్తర్వు దిగింది. "రంధ్రము ప్రమాదకరమైనది. అది పూర్తిగా పూడ్చబడు వరకు ప్రజలెవ్వరునూ వంతెన ఎక్కరాదు. అంతవరకు ప్రజల సౌకర్యార్థము ప్రతిదినము పడవ నడుపవలెను. పడవను అడ్డగించువారిపై కఠినచర్య తీసుకొనబడును."

గొలుసు విప్పి పెద్దింట్లు దాన్ని మేకకి కట్టుకున్నాడు.

తొంభై ఎనిమిదిలో అద్దరి కాఫీ హోటల్లో కూర్చుని ఆ వంతెన వార్త రాసిన విలేకరి, ఈసారీ అక్కడే కూర్చుని, "కాకరలంక వంతెనకు భారీ రంధ్రం" అని పెద్దక్షరాల్లో రాశాడు. ఏడు రోజులు చూశారు. ఎవరూ ఖండించలేదు.

ఎనిమిదో నాడు బుల్లెమ్మ అవ్వ గంజి కాచింది. ఆదివారం కావడంతో మంగవేణి అమ్మా నాన్నా పడవలో వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. అవ్వ పేపరు వెనక గంజి రాసి, మంచం కోడు పక్కకి పట్టుకెళ్లింది.

"పాత వంతెన వార్త మీద అంటించెయ్యనా? దాని మూలంగానేగా ఇంత రభస!"

"వద్దవ్వా!" మంగవేణి గబుక్కున వచ్చి చెయ్యి అడ్డుపెట్టింది. "అది చిరక్కుండా చూసుకోవాలి. పక్కన అంటించు. వంతెనంటూ ఉంటేనే కదా మన రంధ్రం ఉండేది."